తెగే బోల్టును తెగనివ్వండి

పాఠకుల ప్రశ్నలు, జవాబులు: సేద్యపు యంత్రాలు

ప్రశ్న: ఇరవై బర్రెలతో చిన్న పాడి నడుపుతున్నాను. మూడేళ్ల కిందట ముప్పై ఏళ్ల నాటి విదేశీ బేలర్‌ను, అంటే గడ్డిని చదరపు కట్టలుగా కట్టే యంత్రాన్ని, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దానితో పాటు రావలసిన పుస్తకం రాలేదు. మొన్నటి యాసంగిలో వరిగడ్డి కట్టేటప్పుడు ఫ్లైవీల్ (బరువైన చక్రం) దగ్గరి షియర్ బోల్టు (భారం మించితే తెగేలా పెట్టిన బోల్టు) రోజుకు నాలుగైదు సార్లు తెగింది. విసిగిపోయి మా మెకానిక్ హైటెన్సైల్ (గట్టి ఉక్కు) బోల్టు బిగించాడు. అప్పటినుంచి బోల్టు తెగలేదు కానీ లోపల టకటకమని చప్పుడు మొదలైంది, గడ్డిని అదిమే గదిలోకి దాన్ని తోసే ఫీడర్ గొలుసు పళ్లు దాటి దూకుతోంది. ఆ గొలుసు నిరుడే కొత్తది వేశాను. ముందు దేన్ని మార్చాలి? విడిభాగాలు దొరకవంటున్నారు, హైదరాబాద్‌లో చేయించుకోవచ్చా? తెగిన బోల్టులు రెండు, చివర బిగించిన బోల్టు ఒకటి కవరులో పెట్టి పంపుతున్నాను.
— ఒక పాఠకుడు, శంషాబాద్

జవాబు: మీరు ఉత్తరంలో రాసిన దానికంటే కవరులో పెట్టిన మూడు ఇనుప ముక్కలే నాకు ఎక్కువ సంగతి చెప్పాయి కనుక వాటితోనే మొదలుపెడతాను. మొదటి బోల్టు తెగిన చోటు అడకత్తెరతో వక్క కోసినట్లు చదునుగా, మెరుస్తూ ఉంది; అంటే అది చేయవలసిన పనిని చేసి ఒక్క దెబ్బకు తెగింది. రెండవది అలా లేదు. తెగిన చోటికి ముందే కాస్త వంగి ఉంది, రెండు పక్కలా నలిగిన గుర్తులున్నాయి, కోత ముఖం మెట్టుమెట్టుగా ఉంది. ఇది ఒక్క దెబ్బకు పోయినది కాదు. వదులు రంధ్రంలో అటూ ఇటూ కొట్టుకుంటూ, వంగుతూ, అలిసిపోయి తెగినది. మూడవది, మీ మెకానిక్ బిగించినది, తెగనే లేదు. దాని తల మీద 10.9 అని ఉంది, నడుమ గోరు ఆనేంత గాడి పడింది. నన్ను కలవరపెట్టినది ఆ గాడే, ఎందుకంటే బోల్టు తెగకుండా ఓర్చుకున్న ఆ దెబ్బలన్నీ దాని వెనక ఉన్న భాగాలు తిన్నాయి.

బేలర్‌లో బలం నడిచే దారిని ఒకసారి తలచుకోండి. ట్రాక్టర్ పీటీఓ (వెనక తగిలించిన యంత్రానికి బలం అందించే షాఫ్టు) నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంతోనే బరువైన ఫ్లైవీల్ తిరుగుతుంది. దాని వెనక గేర్‌బాక్స్ ఆ వేగాన్ని తగ్గించి క్రాంకును తిప్పితే, ప్లంజర్ నిమిషానికి సుమారు 80 సార్లు ముందుకు వెళ్లి, గడ్డిని కోసి, అదిమి, వెనక్కి వస్తుంది. అదిమే ఆ క్షణంలో కావలసిన బలమంతా ట్రాక్టర్ ఒక్కటే ఇవ్వదు. ఫ్లైవీల్‌లో నిలవ ఉన్న ఊపు ఇస్తుంది. గడ్డితో పాటు ఒక రాయో, గట్టు మీది కంచె కర్రో వచ్చి కత్తుల నడుమ ఇరుక్కుంటే ప్లంజర్ ఆగిపోతుంది గానీ ఫ్లైవీల్ ఆగదు. ఆ ఊపు ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. అది బోల్టు దగ్గరే ఖర్చు కావాలని యంత్రం చేసినవారు ముందే అనుకుని, ఆ ఒక్క చోట కావాలనే బలహీనమైన ఇనుము పెట్టారు. ఇంట్లో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావుపాటి రాగితీగ చుడితే ఫ్యూజు పోదు, గోడలోని వైరు కాలుతుంది. మీ యంత్రంలో జరిగినదీ అదే.

ఎంత తేడా వచ్చిందో లెక్క కట్టవచ్చు. మెట్రిక్ బోల్టు తల మీద చుక్కకు ముందున్న అంకెను 100తో గుణిస్తే, ఆ ఇనుము చదరపు మిల్లీమీటరుకు ఎన్ని న్యూటన్ల లాగుడుకు ఓర్చుకుంటుందో తెలుస్తుంది. 4.6 అంటే 400, 8.8 అంటే 800, 10.9 అంటే 1,000. తెగిన మీ బోల్టులు రెండూ 4.6వి. అంటే ఆ ఒక్క మార్పుతో బోల్టు తెగే హద్దు రెండున్నర రెట్లు పైకి పోయింది. అంగుళాల బోల్టులకు ఈ అంకెలుండవు, తల మీద గీతలుంటాయి: గీతలు లేకపోతే గ్రేడ్ 2, మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరు గీతలుంటే గ్రేడ్ 8.

అలాగని రోజుకు నాలుగైదు బోల్టులు తెగడం కూడా మామూలు సంగతి కాదు. దానికి నాకు తోచిన మొదటి కారణం వర్నియర్ (మందం కొలిచే పనిముట్టు) పెట్టగానే కనిపించింది: మీరు పంపిన మూడూ 8 మిల్లీమీటర్ల బోల్టులే. మీది అంగుళాల లెక్కన తయారైన యంత్రం అయితే ఆ రంధ్రం 3/8 అంగుళానికి, అంటే సుమారు 9.5 మిల్లీమీటర్లకు వేసినదై ఉంటుందని నా అనుమానం. బోల్టు బలం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక 9.5 ఉండవలసిన చోట 8 పెడితే బలం 70 శాతమే మిగులుతుంది. పైగా ఒకటిన్నర మిల్లీమీటర్ల వదులులో అది ప్లంజర్ ప్రతి పోటుకూ సుత్తి దెబ్బ తింటుంది. గంటకు 4,800 పోట్లు. రెండవ బోల్టు అలా వంగి తెగడానికి ఇంతకంటే వేరే కారణం వెతకనక్కరలేదు.

కాబట్టి 9.5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టును తోక వైపు నుంచి రంధ్రంలోకి దూర్చి చూడండి. సాఫీగా దిగి, ఊగకుండా నిలిస్తే అక్కడ ఉండవలసినది 3/8 అంగుళం బోల్టు. అది కూడా ఊగితే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోయింది. అప్పుడు ఫ్లైవీల్‌ను, హబ్‌ను (షాఫ్టు మీద కూర్చునే నడిమి భాగాన్ని) కలిపి ఒకే కేంద్రం మీద పెద్దది చేయించి, రెండింటిలోనూ గట్టిపరచిన ఉక్కు బుష్షులు (గొట్టం లాంటి తొడుగులు) కొట్టించాలి. ఆ బుష్షుల అంచులు పదునుగా ఉండాలి, గుండ్రంగా రుద్దించవద్దు. అంచు మొద్దుబారితే బోల్టు తెగదు, నలుగుతుంది. మర చుట్లున్న భాగం రెండు బుష్షులు కలిసే చోట పడకుండా, నున్నటి కడ్డీ భాగమే అక్కడ ఉండేలా పొడవు చూసి కొనండి. గ్రేడు ఏది వేయాలన్నది ఎవరి అనుభవాన్నీ బట్టి తేలేది కాదు, నా అనుభవాన్ని బట్టి కూడా. యంత్రం మీది పేరు పలకపై మోడల్ నంబరు చూసి ఆ మోడల్ పుస్తకం సంపాదించండి; పాత యంత్రాల పుస్తకాలకు నకళ్లు అచ్చువేసి అమ్మేవారున్నారు. యంత్రానికి పెట్టే ఖర్చులో మొదటి రూపాయి దానికే పెట్టాలని నేను ఎవరికైనా చెబుతాను.

రెండవ కారణం కత్తులు. ప్లంజర్ మీద ఒక కత్తి, గది అంచున కదలని కత్తి ఒకటి ఉంటాయి. వరిగడ్డిలో ఇసుకకు మూలమైన సిలికా ఎక్కువ కనుక ఎండుగడ్డి కోసం చేసిన కత్తులు మన పొలాల్లో తొందరగా మొద్దుబారతాయి. మొద్దు కత్తి గడ్డిని కోయదు, మడిచి ఈడ్చుకుపోతుంది. ఆ ఈడ్పు భారమంతా మళ్లీ బోల్టు మీదే. ట్రాక్టర్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పి రెండు కత్తులను ఎదురెదురుగా తెచ్చి, నడుమ సందులో హాక్సా బ్లేడు వీపు వైపు దూర్చి చూడండి. ఆ బ్లేడు మందం సుమారు 0.65 మిల్లీమీటర్లు, అది బిగుతుగా దూరితే సందు సరిగానే ఉందనుకోవచ్చు. రెండు బ్లేడులు కలిపి దూరితే సందు ఎక్కువైంది. కత్తి పైభాగంలో ఒక రకంగా, కింద ఇంకో రకంగా ఉంటే తప్పు కత్తిది కాదు. ప్లంజర్‌ను మోసే రోలర్లు, వాటి బేరింగులు అరిగి అది ఒక పక్కకు ఒరిగింది. ముందు వాటిని మార్చిన తర్వాతే కత్తిని సరిచేయాలి, లేకపోతే సరిచేసినది వారం నిలవదు.

ఇక గొలుసు. గొలుసు సాగింది అని అందరం అంటాం గానీ నిజానికి లింకుల పట్టీలు సాగవు. ప్రతి కీలులో పిన్ను, దాని మీది బుష్షు ఒకదాన్నొకటి తిని, కీలుకు అర మిల్లీమీటరు చొప్పున వదులైతే, అన్నీ కలిసి పొడవు పెరిగినట్లు కనిపిస్తుంది. దీన్ని కొలవడానికి బడిపిల్లల అడుగు స్కేలు చాలు. ముప్పావు అంగుళం గొలుసులో 16 లింకులు, అంగుళం గొలుసులో 12 లింకులు, అరంగుళం గొలుసులో 24 లింకులు సరిగ్గా ఒక అడుగు వస్తాయి. గొలుసును బల్ల మీద పరచి, చివర లాగి పట్టుకుని, ఒక పిన్ను నడుమ నుంచి లెక్కపెట్టి కొలవండి. అడుగు మీద 6 మిల్లీమీటర్లు పెరిగితే 2 శాతం అరిగినట్లు, కొత్తది తెచ్చి పెట్టుకోవాలి. 9 మిల్లీమీటర్లు పెరిగితే 3 శాతం, ఆ గొలుసు పని అయిపోయింది. సగం సగం అరిగిన చోట్ల కొలత మారుతుంది కనుక మూడు చోట్ల కొలిచి పెద్ద అంకెనే నమ్మండి.

నిరుడు వేసిన గొలుసు ఇంత తొందరగా ఎందుకు పోయిందన్నది మీ ఉత్తరంలో నాకు బాగా తెలిసిన భాగం, ఎందుకంటే వర్క్‌షాపులో చేరిన తొలి రోజుల్లో నేనే ఒక రైతు యంత్రానికి అదే పని చేసి, మరుసటి సీజన్‌లో ఆయన చేత మాటపడ్డాను. కొత్త గొలుసు వేశారు, పాత స్ప్రాకెట్లు (గొలుసు తిరిగే పళ్ల చక్రాలు) ఉంచేశారు. పాత గొలుసుతో పాటు పళ్లు కూడా ఒక పక్కకు వంకీలా అరిగి ఉంటాయి. కొత్త గొలుసు లింకు నిడివి ఆ వంకీలకు సరిపోదు. రోలర్ పంటి మొదట్లో కూర్చోకుండా వంకీ మీద ఆగుతుంది, బరువంతా రెండు మూడు పళ్లే మోస్తాయి, కొద్ది రోజులకే గొలుసు కూడా పాతదానిలాగే అరిగి పంటి కొనకు ఎక్కి దూకుతుంది. గొలుసు, రెండు స్ప్రాకెట్లు, బిగువు కోసం పెట్టిన ఐడ్లర్, ఈ నాలుగూ ఒక ఇంటి మనుషులు. ఒకరిని మార్చి ముగ్గురిని ఉంచితే పొసగదు. డబ్బు చాలకపోతే కనీసం చిన్న స్ప్రాకెట్‌నైనా మార్చండి. 12 పళ్ల చక్రం 36 పళ్ల చక్రాన్ని తిప్పుతుంటే చిన్నదాని ప్రతి పన్నూ మూడు రెట్లు ఎక్కువ సార్లు గొలుసును పట్టుకుంటుంది, అరుగుదల కూడా ఆ లెక్కనే ఉంటుంది. పెద్దదాన్ని, హబ్ రెండు వైపులా సమంగా ఉండి వరుస తప్పదనుకుంటే, తిరగేసి బిగించుకోవచ్చు. అరగని పక్క పనిలోకి వస్తుంది, ఒకటి రెండు సీజన్లు గడుస్తాయి.

పాత గొలుసు విప్పే ముందు మాత్రం ఒక పని మరచిపోకూడదు. ఫీడర్ వేళ్లు గడ్డిని తోసి వెనక్కి తప్పుకున్న తర్వాతే ప్లంజర్ రావాలి. ముడి వేసే సూదులు కూడా ప్లంజర్ గడ్డిని అదిమి పట్టి ఉన్నప్పుడు దాని ముఖంలోని చీలికల గుండా పైకి రావాలి. ఈ వేళలన్నీ గొలుసు ఏ పంటి మీద కూర్చుందో దాన్ని బట్టి ఉంటాయి. కనుక పళ్ల మీదా, వాటిపై ఉన్న లింకుల మీదా తెల్ల పెయింటు చుక్కలు పెట్టి, ఫోనులో ఫోటో తీసి, అప్పుడు విప్పండి. మీ గొలుసు ఇప్పటికే దూకింది కనుక ఆ గుర్తులు కూడా తప్పు వేళనే చూపవచ్చు. బిగించాక ఫ్లైవీల్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పుతూ, ముడి వేసే భాగాన్ని కూడా చేత్తో వదిలి, ఏదీ దేనికీ తగలకుండా పూర్తి వలయం తిరిగిందని కళ్లతో చూసేదాకా పీటీఓ కలపకండి. తప్పిన వేళలో తిరిగే ఫీడర్ ప్లంజర్‌కు తగిలితే బోల్టు తెగుతుంది. మీ నాలుగైదు బోల్టుల్లో కొన్నింటి లెక్క ఇక్కడే తేలుతుందేమో.

టకటక చప్పుడు విషయంలో గేర్‌బాక్స్ మీద నేరం మోపే ముందు చప్పుడును లెక్కపెట్టండి. పీటీఓ పూర్తి వేగంలో ఉన్నప్పుడు అది ఇంచుమించు గుండె కొట్టుకునే వేగంలో వస్తుంటే ప్లంజర్ పోటుకు ఒకసారి చొప్పున వస్తోందన్న మాట; క్రాంకు, కనెక్టింగ్ రాడ్ బుష్షు, క్రాంకు మీది కీ (షాఫ్టునూ చక్రాన్నీ కలిపి పట్టే ఇనుప ముక్క) చూడాలి. లెక్కపెట్టలేనంత వేగంగా, సెకనుకు తొమ్మిదిగా వస్తుంటే అది ఫ్లైవీల్ షాఫ్టు వైపుది. రెండూ కాకపోతే అప్పుడు గేర్‌బాక్స్ నూనెను తెల్లటి పళ్లెంలోకి దించండి. బూడిదరంగు మెత్తటి మడ్డి ఉంటే అది వయసు. వేళ్లకు గుచ్చుకునే తునకలు, రేకుల్లా మెరిసే ముక్కలు ఉంటే పన్ను విరిగినట్లే. క్రౌన్, పినియన్ (గేర్‌బాక్స్‌లోని పెద్ద, చిన్న పళ్ల చక్రాలు) ఒకదానితో ఒకటి అరగదీసి జతగా చేసినవి కనుక పినియన్ ఒక్కటే మార్చడం డబ్బు దండగ. బేరింగులే వదులైతే మాత్రం ఖర్చు చిన్నదే. ఏ సంగతీ తేలకుండా ఆ 10.9 బోల్టుతో ఇంకొక్క కట్ట కూడా కట్టవద్దు.

విడిభాగాలు దొరకవన్న మాట సగమే నిజం. యంత్రం పేరు చెప్పి అడిగితే దొరకవు. సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ దుకాణంలో బేలర్ గొలుసు కావాలంటే తల అడ్డంగా ఊపుతారు. 12ఏ సింప్లెక్స్ (ఒంటి వరుస) గొలుసు, ఇన్ని లింకులు, రెండు లాకులు (కొనలను కలిపేవి) అంటే తూచినట్లు తీసి ఇస్తారు. నాకు తెలిసినంతలో పాత యంత్రాన్ని బతికించుకునే విద్య అంతా ఈ పేరును అంకెగా మార్చుకోవడంలోనే ఉంది. బేరింగు మీద 6207 అని ఉంటే చివరి రెండు అంకెలను 5తో గుణించండి, 35 మిల్లీమీటర్ల షాఫ్టుకు సరిపోయేది. అది ప్రపంచంలో ఏ కంపెనీ చేసినా 35 లోపలి వ్యాసం, 72 బయటి వ్యాసం, 17 వెడల్పు. గొలుసు దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. 12ఏ, 12బీ రెండూ ముప్పావు అంగుళం గొలుసులే అయినా, లోపలి వెడల్పు మొదటిదానికి 12.57, రెండవదానికి 11.68 మిల్లీమీటర్లు. అమెరికా యంత్రాల్లో ఏ రకం, ఐరోపా యంత్రాల్లో బీ రకం ఎక్కువ. ఏ రకానికి కోసిన పంటి మీద బీ గొలుసు దిగక ఇరుక్కుంటుంది. కనుక పాత గొలుసు ముక్క జేబులో వేసుకోకుండా కొట్టుకు వెళ్లకండి.

స్ప్రాకెట్ల కోసం రెండు దారులున్నాయి. చవకైనది, హబ్ లేని ప్లేట్ స్ప్రాకెట్‌ను అదే లింకు నిడివికి, అన్నే పళ్లతో కొని, పాత చక్రం పళ్ల భాగాన్ని లేత్ మీద కోసి తీసేసి, పాత హబ్‌కే దీన్ని వెల్డు చేయించడం. చేసేవారికి ఒక మాట చెప్పాలి: ముందు హబ్ మీద దిగేలా తిప్పి, నాలుగు చోట్ల చిన్న చుక్కలు పెట్టి, తిప్పి చూసి, అటొక ముక్క ఇటొక ముక్కగా వెల్డు నింపాలి, ఒక్క దమ్మున చుట్టూ తిప్పేస్తే చక్రం గొడుగులా వంగుతుంది. రెండవ దారి, ఈఎన్8 అనే రకం ఉక్కులో కొత్తదే కోయించడం. బాలానగర్ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో వెలసిన చోటు; ఆ చుట్టుపక్కల వీధుల్లో గేర్లు కోసే చిన్న వర్క్‌షాపులకు కొదవ లేదు. మీ వద్ద అరిగిన నమూనా ఒక్కటే ఉంటే దాన్ని చూసి కోయమనకండి, అరుగుదలను కూడా కోసి ఇస్తారు. లింకు నిడివి, రోలర్ వ్యాసం, పళ్ల సంఖ్య, షాఫ్టు వ్యాసం, కీ కొలత, హబ్ ఏ వైపు ఎంత పొడుచుకు వచ్చిందో కాగితం మీద గీసి ఇవ్వండి. పళ్లను ఇండక్షన్ పద్ధతిలో (కరెంటుతో పైపొరను వేడి చేసి) గట్టిపరచమని అడిగి, తెచ్చుకునే ముందు పాత ఆకురాయి ఒకటి పంటి మీద లాగి చూడండి. ఇనుప రజను రాలితే పని జరగలేదు. అద్దం మీద జారినట్లు జారితే జరిగింది.

కొత్త గొలుసుకు రెండు స్ప్రాకెట్ల ముఖాలకు ఆనించి ఒక దారం లాగి వరుస చూడండి, లాకు మూసి ఉన్న కొన గొలుసు నడిచే దిక్కుకే ఉండాలి, వదులు పక్క నడుమన వేలితో నొక్కితే షాఫ్టుల మధ్యదూరంలో 2 శాతం మేరకు ఆడాలి. 60 సెంటీమీటర్ల దూరమైతే 12 మిల్లీమీటర్లు. గ్రీజు పూయకండి. మన గడ్డి దుమ్ము గ్రీజుతో కలిస్తే అది సాన పట్టే ముద్ద అవుతుంది. సాయంత్రం పని ఆపగానే, గొలుసు వెచ్చగా ఉన్నప్పుడు, పట్టీల సందుల్లోకి దిగేలా ఇంజన్ నూనె చుక్కలు వేస్తే చాలు.

ప్రశ్న: పాత బేలర్ పికప్ (నేల మీది గడ్డిని ఎత్తే భాగం) షాఫ్టు మీద కీ గాడి వెడల్పైపోయి స్ప్రాకెట్ ఊగుతోంది. రేకు ముక్క దూర్చి కొట్టాను, రెండు రోజులకే వచ్చేసింది. షాఫ్టు మార్చకుండా దారి ఉందా?
— ఒక పాఠకురాలు, చేవెళ్ల

జవాబు: ఉంది, అయితే రేకు ముక్క దారి కాదు, అది రాలిన ప్రతిసారీ గాడిని ఇంకాస్త తింటుంది. 35 మిల్లీమీటర్ల షాఫ్టుకు మామూలుగా 10 వెడల్పు, 8 ఎత్తు ఉన్న కీ ఉంటుంది. షాఫ్టు గాడి మాత్రమే అరిగి, స్ప్రాకెట్ గాడి బాగుంటే, కింద వెడల్పుగా, పైన 10గా ఉండే మెట్టు కీ చేయించుకోవడం అన్నింటికంటే శుభ్రమైన పని. రెండూ అరిగితే రెండింటినీ 12కు పెంచవచ్చు. మూడవ ఉపాయం షాఫ్టు మీద 90 డిగ్రీల పక్కన కొత్త గాడి కోయించడం. పికప్ షాఫ్టుకు వేళతో పని లేదు కనుక మీకు ఇది నిక్షేపంగా సరిపోతుంది. ఫీడర్‌కో, ముడి వేసే భాగానికో వెళ్లే షాఫ్టులకు మాత్రం ఈ పని చేయకూడదు, గాడి జరిగితే వాటి వేళ కూడా జరుగుతుంది.

గాడిని వెల్డుతో నింపి మళ్లీ కోయిస్తామని కొందరు అంటారు. ఈఎన్8 లాంటి ఉక్కులో సుమారు 0.4 శాతం కార్బన్ ఉంటుంది; చల్లటి షాఫ్టు మీద మామూలు రాడ్డుతో వెల్డు చేస్తే పక్కన పెళుసుబారి, కొన్నాళ్లకు సరిగ్గా ఆ అంచునే విరుగుతుంది. ముందు వేడి చేసి, తక్కువ హైడ్రోజన్ రాడ్డుతో చేసి, బూడిదలోనో ఇసుకలోనో నెమ్మదిగా చల్లార్చే ఓపిక ఉన్నవారైతేనే ఇవ్వండి. పికప్ షాఫ్టు సన్నటిది, తిన్నటిది. ఆ కూలికి కొత్త కడ్డీయే వస్తుందేమో ఒకసారి అడిగి చూడండి.

ప్రశ్న: ట్రాక్టర్‌కూ బేలర్‌కూ నడుమ ఉన్న షాఫ్టులో క్రాసులు (వంపులో తిరిగే కీళ్లలోని అడ్డు ముక్కలు) రెండూ కొత్తవి వేశాం. అయినా ఇంతకు ముందు లేని వణుకు వస్తోంది. స్లిప్ క్లచ్ (భారం మించితే జారేది) కూడా ఎప్పుడూ జారినట్లు లేదు.
— ఒక పాఠకుడు, ఘట్‌కేసర్

జవాబు: క్రాసులు వేసేటప్పుడు రెండు గొట్టాలనూ విడదీసి, తిరిగి దూర్చేటప్పుడు ఒక పక్క తిప్పి దూర్చి ఉంటారు. షాఫ్టు నడుమ భాగంలోని రెండు యోకుల (క్రాసును పట్టుకునే ముక్కల) చెవులూ ఒకే తలంలో ఉండాలి. క్రాసు వంపులో తిరిగినప్పుడు వేగం ప్రతి చుట్టులోనూ పెరిగి తగ్గుతుంది. యోకులు ఒకే వరుసలో ఉంటే ఒక క్రాసు చేసిన తేడాను రెండవది సరిచేస్తుంది, వరుస తప్పితే రెండు తేడాలూ కలుస్తాయి. గొట్టాలు విడదీసి చూసుకుని దూర్చండి, ఖర్చు లేని పని. పని చేసే పొడవులో ఒక గొట్టంలో ఇంకొకటి కనీసం మూడో వంతు దిగి ఉండాలి.

క్లచ్ ఎప్పుడూ జారకపోవడం మంచి కబురు కాదు. ఒక వానాకాలం షెడ్డులో ఊరకే నిలబడితే ప్లేట్లు తుప్పుతో అతుక్కుపోయి, క్లచ్ కాస్తా ఇనుప దిమ్మ అవుతుంది. స్ప్రింగుల పొడవు ఇప్పుడెంత ఉందో కొలిచి రాసుకుని, నట్లు సమానంగా వదులు చేసి, ప్లేటుకూ ప్లేటుకూ అడ్డంగా సుద్దతో గీత గీసి, పీటీఓను నెమ్మదిగా కలిపి రెండు మూడు సెకన్లు మాత్రం జారనివ్వండి. ఆపి చూస్తే గీతలు విడిపోయి ఉండాలి. తర్వాత నట్లను పుస్తకంలోని కొలతకు, పుస్తకం దొరికేదాకా మీరు రాసుకున్న కొలతకు బిగించండి. అంతకంటే ఒక్క మర కూడా ఎక్కువ వద్దు. విడిపోకపోతే క్లచ్ విప్పి తుప్పు గీకించాలి.

మీరు రాయలేదు గానీ నేను అడగవలసినది ఒకటుంది: ఆ షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు ఉందా? 540 అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. మెడలోని తువ్వాలు కొస ఒక్కసారి చుట్టుకుంటే చెయ్యి వెనక్కి తీసే వ్యవధి ఉండదు. పీటీఓ ఆపిన తర్వాత కూడా ఫ్లైవీల్ కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగినట్లు కంటితో చూడనిదే ఏ మూతా తీయకండి.

ప్రశ్న: మాది గుండ్రటి కట్టలు చుట్టే బేలర్. పట్టీలను మోసే రెండు గొలుసుల్లో ఎడమది వదులైంది, కుడిది బాగానే ఉంది. ఒకటే మార్చవచ్చా?
— ఒక పాఠకుడు, ఇబ్రహీంపట్నం

జవాబు: వద్దు. అడ్డ పట్టీలు రెండు గొలుసులకూ కట్టి ఉంటాయి. ఒకటి కొత్త కొలతలో, ఇంకొకటి అరిగిన కొలతలో నడిస్తే పట్టీలు ఏటవాలుగా తిరిగి, బిగించిన చోట్ల తెగుతాయి. రెండూ కలిపి మార్చండి. ఎడమది ఒక్కటే ఎందుకు అరిగిందన్నది మాత్రం వదలకండి: ఆ పక్క నూనె గొట్టం మూసుకుపోయి ఉండవచ్చు, లేదా ట్రాక్టర్‌ను గడ్డి వరుసకు ఎప్పుడూ ఒకే పక్కన నడపడం వల్ల గడ్డి ఎడమకే ఎక్కువ చేరుతూ ఉండవచ్చు.

ప్రశ్న: తీసేసిన పాత గొలుసులో కొన్ని లింకులు చూడడానికి బాగున్నాయి. కొత్త గొలుసు పొడవు చాలకపోతే వాటిని కలపవచ్చా?
— ఒక పాఠకుడు, మేడ్చల్

జవాబు: కలపకండి. అరిగిన లింకు పొడవు వేరు, కొత్త లింకు పొడవు వేరు. ఆ నాలుగు లింకులు పంటి మీదికి వచ్చిన ప్రతిసారీ గొలుసు మొత్తానికి ఒక కుదుపు తగులుతుంది. పొడవు చాలకపోతే అదే నంబరు కొత్త లింకులు విడిగా కొనండి. అర లింకును కూడా తప్పనిసరి అయితేనే వాడాలి, ఎందుకంటే వంకర పట్టీల వల్ల గొలుసులో అదే బలహీనమైన చోటు అవుతుంది. పాత గొలుసును మాత్రం పారేయవద్దు. ఒక మూర ముక్క కోసి, రెండడుగుల ఇనుప పట్టీ కొనకు వెల్డు చేయించుకుంటే, నట్టు విప్పేటప్పుడు స్ప్రాకెట్ తిరగకుండా చుట్టి పట్టుకునే పనిముట్టు అవుతుంది. నా సంచిలో ఉన్నది అలా చేయించుకున్నదే.